పదహారో నంబరు బోరు

నేను మోటార్లు బాగు చేసేవాణ్ణి. చిత్తూరు నుంచి పల్లెవెలుగు బస్సులో గంట దూరం మా ఊరు. మా ఊళ్లోనూ, చుట్టూ ఉన్న నాలుగు పల్లెల్లోనూ బోరులోకి దిగిన ఏ మోటారైనా ఏదో ఒకరోజు కాలిపోయి నా షెడ్డుకు రావాల్సిందే. డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఈ పనిలో పడ్డాను. పేపరు చదవడం, నాలుగు ముక్కలు రాసుకోవడం మాత్రం వదల్లేదు. కోపం కూడా వదల్లేదు. నా వైండింగు ఎప్పుడూ వేడిగానే ఉంటుందని మా ఆవిడ అంటుంది.

మా పక్క ఒక అలవాటు ఉంది. కొత్త బోరు వేసి, నీళ్లు పడి, బురద పోయి తేట వచ్చాక మొదటి చెంబు మోటారు దించినవాడి చేతికి ఇస్తారు. వాడు పుక్కిట పట్టి రుచి చూసి "తీపి నీళ్లప్పా" అంటేనే ఇంటివాళ్లు టెంకాయ కొడతారు. ఉప్పు నీళ్లంటే ముఖాలు వేలాడేసుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఆ చెంబు నాకే ఇస్తున్నారు. నా నాలుక మీద ఊరికి నమ్మకం. నాకు ఇంకా ఎక్కువ నమ్మకం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో పెద్ద చదువులవాళ్ల తప్పు ఎంత ఉందో నా నాలుక తప్పు కూడా దాదాపు అంత ఉంది.

మా ఇంటి వెనక బోరు నేనే దగ్గరుండి వేయించుకున్నాను. లోతుకు పోయేకొద్దీ మంచి నీళ్లు పడతాయని అప్పట్లో నా లెక్క. పంచాయతీ బోరు ఎండిపోయిన ఏడాది నా బోరు నుంచి వీధిలోకి పైపు లాగి, ప్రహరీ పక్కన సిమెంటు తొట్టి కట్టించి కుళాయి పెట్టాను. అప్పటి నుంచి పన్నెండిళ్లవాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు. బిందె పట్టుకుపోతూ ఎవరైనా "నీ పుణ్యమబ్బా" అంటే పైకి విసుక్కునేవాణ్ణి కానీ లోపల చాలా సంతోషంగా ఉండేది. మా ఇంట్లోనూ అవే నీళ్లు. మా అమ్మాయి, అల్లుడు సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తారు కాబట్టి వాళ్ల కూతురు పద్నాలుగు నెలలప్పటి నుంచీ మా దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు దానికి ఆరేళ్లు.

రెండేళ్ల కిందట, మంచి ఎండల్లో, మా ఊరికి ఒక జీపు వచ్చింది. ముందు అద్దం మీద కాగితం అంటించి ఉంది. కేంద్ర ప్రభుత్వ నిధులతో జరుగుతున్న పరిశోధన అని దాని సారాంశం. తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు. డ్రైవరు, పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి. ఊళ్లో బోర్లన్నీ ఎవరికి తెలుసని అడిగితే జనం నా షెడ్డు చూపించారు.

ఆ అమ్మాయితో రెండు రోజులు తిరిగాను. మొత్తం ఇరవై రెండు బోర్లు. తెల్లటి సీసాను అదే బోరు నీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగోసారి నిండా పట్టి, గాలి బుడగ లేకుండా మూత బిగించేది. పనిలో ఆ శ్రద్ధ చూసి నాకు ముచ్చటేసింది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఒక్కడైనా అట్లా ఉంటే బాగుండేది. ప్రతి మోటారు గది గోడ మీదా ఎర్ర ఎనామిల్ పెయింటుతో నంబరు వేసింది. గది లేని చోట స్టార్టరు పెట్టె కింది దిమ్మె మీద వేసింది. తోవ కుదిరినట్టు తిరిగాం కాబట్టి నంబర్లకు ఒక వరస లేదు, ఏది ఎవరిదో నేను గుర్తుపెట్టుకోనూ లేదు.

"అంకుల్, ఈ నంబర్లు చెరిగిపోకుండా చూడండి. వానలు పడ్డాక మళ్లీ వచ్చి ఇవే బోర్లలో పట్టాలి" అంది.

"నాదీ పూచీ పాపా" అన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె ప్రొఫెసరు కారులో వచ్చాడు. మా వీధి కుళాయి దగ్గర గ్లాసు పట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. అరగంటలో వెళ్లిపోయాడు. మా ఆవిడ ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చి, "నీళ్లు ఎట్లుండాయో మాకు సెప్తారా పాపా?" అని అడిగింది. "తప్పకుండా ఆంటీ" అంది ఆ అమ్మాయి. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నదని నేనిప్పటికీ నమ్ముతాను.

వానలు పడ్డాయి. వాళ్లు రాలేదు.

ఆయుధపూజ వచ్చింది. పట్నంలో కార్లకు, లారీలకు ఎట్లా చేస్తారో మా పల్లెల్లో మోటార్లకు అట్లా చేస్తాం. మోటారు గది కడిగి, సున్నం కొట్టి, స్టార్టరు పెట్టెకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ పగలగొడతాం. మోటారు బాగుచేసే చెయ్యి సున్నం కొడితే ఆ ఏడాది మోటారు కాలదని ఒక నమ్మకం. అందుకని ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ నన్ను పిలుస్తారు. సున్నం బకెట్టు, ఈతకుంచె పట్టుకుని తెల్లవారి బయలుదేరితే పొద్దుగూకే దాకా తిరుగుతూనే ఉంటాను. ఆ ఏడూ అట్లాగే తిరిగాను. ఎర్ర నంబర్లు కనిపించలేదా అంటే కనిపించాయి. పండగపూట గోడ మీద ఆ గీతలేంటి, వాళ్లెట్లాగూ రాలేదు కదా అనుకున్నాను. పూచీ నాదన్న నేనే, నా చేత్తోనే, ఇరవై రెండు నంబర్ల మీదా సున్నం కొట్టాను. మరుసటి ఏడు ఇంకో పూత కూడా వేశాను. నాకది తప్పని కూడా తోచలేదు.

ఆ రెండు పూతల మధ్యలో బడికి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. పెద్ద తరగతి పిల్లల్లో కొందరి పళ్ల మీద పసుపు చారలు చూసి, ఇది ఫ్లోరైడు నీళ్ల వల్ల కావచ్చు, తాగే నీళ్లు పరీక్ష చేయించండని పంతులమ్మకు చెప్పింది. పాలపళ్లు ఊడకముందే లోపల దవడలో అసలు పళ్లు తయారవుతూ ఉంటాయట. ఏడెనిమిదేళ్ల వరకూ పిల్ల ఏం నీళ్లు తాగితే పళ్లు అట్లా వస్తాయట. ఫ్లోరైడుకు రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి ఉండదు అని కూడా చెప్పింది. బడి గుమ్మం దగ్గర నిలబడి ఆ చివరి ముక్క నేనూ విన్నాను కానీ తలకెక్కించుకోలేదు.

ఇంటికి వచ్చి మనవరాలి నోరు తెరిపించి చూశాను. అన్నీ పాలపళ్లే. తెల్లగా ఉన్నాయి. వెనక తయారవుతున్నవి ఎట్లా ఉన్నాయో ఎవరికి కనిపిస్తాయి?

"ఒక సీసా నీళ్లు తీసకపోయి సిత్తూరులో ల్యాబులో ఇచ్చి రాలేవా?" అంది మా ఆవిడ.

"ఒకతూరి పరీక్ష చేసినారు కదా! సర్కారు దుడ్డుతో చేసినారు. మళ్ల మనమెందుకు చెయ్యల్ల? ఆ కాయితం మనకియ్యాల్సిందే" అన్నాను.

న్యాయం నా వైపే ఉంది. ఇప్పటికీ నా వైపే ఉంది. కానీ న్యాయం నా వైపు ఉందన్న పట్టుదలతో ఒక సీసా నీళ్లు పట్టి ఇవ్వాల్సిన పని చేయలేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. నా బోరును అనుమానించాలని నాకు తోచనే లేదు. అంత తీపి నీళ్లు అవి.

జీపులో వచ్చిన అమ్మాయి ఇచ్చిన ఫోను నంబరు పనిచేయడం లేదు. తిరుపతి బస్సెక్కాను. బస్టాండు నుంచి గుండు గీయించుకున్న యాత్రికుల మధ్య తోసుకుంటూ ఆటో పట్టుకుని విశ్వవిద్యాలయానికి పోతే గేటు దగ్గర ఎవరు కావాలని ఆపారు. మా ఊరి నీళ్లు కావాలి అన్నాను. సెక్యూరిటీ అతను నన్ను తాగి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. చివరికి ఆ శాఖ ఆఫీసులో ఒక గుమాస్తా దొరికాడు. మంచివాడే. ప్రొఫెసరు ఢిల్లీలో మీటింగుకు వెళ్లాడని, ఆ అమ్మాయి పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయిందని చెప్పాడు. మా ఊరి పరిశోధన విదేశీ పత్రికలో అచ్చయిందంటూ కంప్యూటరులో చూపించాడు.

ఇంగ్లీషులో ఉన్న పది వాక్యాలను కూడబలుక్కుంటూ చదివాను. మా మండలం పేరు ఉంది. కొన్ని బోర్లలో ఫ్లోరైడు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ ఉందని, ఆ నీళ్లు తాగే పిల్లల పళ్లకు, ఎముకలకు ప్రమాదమని ఉంది. కేంద్ర ప్రభుత్వ సాయానికి కృతజ్ఞతలని కూడా ఉంది. దాని కింద తాళంకప్ప బొమ్మ. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టాలట.

"కొన్ని అంటే యాయి సార్?" అన్నాను.

"లోపల అంకెల టేబులు ఉంటాది పెద్దాయనా. ఓపెన్ కాదు."

"ఈడ మీ సార్ రాసిందే గదా!"

"రాసింది సారే. పత్రిక వాళ్లది."

"లైబ్రరీలో?"

అతను పక్క బిల్డింగుకు ఫోను చేసి అడిగాడు. ఆ పత్రికకు చందా కట్టడం లేదట. కింద ఇంకో వాక్యం చూపించాడు. సమంజసమైన కోరిక మీద రచయితలు వివరాలు అందజేస్తారు అని.

"నా మనవరాలు తాగే నీళ్లు యెట్లుండాయని అడిగేది సమంజసమా కాదా?" నా గొంతు పెరిగిపోయింది. పక్క టేబుళ్లవాళ్లు తలెత్తారు.

"నన్ను తిడితే ఏం లాభం చెప్పండి? సారుకు మెయిలు పెట్టండి" అన్నాడతను. నిజమే. వాణ్ణి తిట్టి ఏం లాభం? నీళ్లు మావి. తీసుకుపోయిన సీసాలు మోసింది నేను. డబ్బు ప్రజలది. తాళం మాత్రం ఎక్కడో సముద్రం అవతల ఎవరో వేసుకున్నారు.

ఊళ్లో బస్సు దిగేసరికి కుళాయి దగ్గర జనం. ఏం చెప్పినారని అడిగారు. కొన్ని బోర్లలో విషమున్నట్టు రాసినారని చెప్పాను. విషం అన్న మాట వాళ్లు రాయలేదు, నా కోపంలో నుంచి వచ్చింది.

"కొన్ని అంటే యాయబ్బా?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

తెలియదని చెప్పి ఊరుకోవాల్సింది. ముప్పై ఏళ్లుగా నీళ్ల సంగతి అడిగితే తెలియదని చెప్పిన అలవాటు లేదు నాకు. తూర్పు పక్క మా పెదనాయన కొడుకు బోరు ఉంది, ఆ వీధివాళ్లు తాగేది ఆ నీళ్లే. నాకు అన్న. ఆ బోరు వేసిన రోజు మొదటి చెంబు తాగి ఉప్పు నీళ్లని చెప్పింది నేనే. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు అంతంతమాత్రమే.

"ఇంగేది? అన్న బోరే అయ్యుంటాది. నోట్లో పోసుకుంటానే తెలస్తా ఉండ్ల్యా" అన్నాను.

అంతే. ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. తూర్పు వీధివాళ్లు కూడా బిందెలు తీసుకుని నా కుళాయికి రావడం మొదలుపెట్టారు. పన్నెండిళ్లు ఇరవై అయ్యాయి. అన్న ఇంట్లో బర్రెలు ఆ నీళ్లే తాగుతాయని, పాలు పోయించుకునేవాళ్లు రెండిళ్లవాళ్లు మానేశారు. అన్న ఎదురుపడితే పక్కకు తిరిగి ఉమ్మి పోయేవాడు. నేనేమో ఊరిని కాపాడాననే అనుకున్నాను.

తర్వాతి నెలలన్నీ కాగితాల మధ్యే గడిచాయి. మా అమ్మాయి షిఫ్టు దిగి వచ్చి ఫోనులో ఇంగ్లీషు మెయిళ్లు టైపు చేసి పంపింది. మూడు పంపింది. ఒక్కదానికీ జవాబు లేదు. మళ్లీ తిరుపతి పోయాను. ఈసారి ప్రొఫెసరు ఉన్నాడు. కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. మర్యాదకేం లోటు లేదు.

"చూడండి, ఫలానా బోరు బాగాలేదని పేరు పెట్టి చెబితే జనంలో లేనిపోని భయాలు పుడతాయి. అపార్థాలు వస్తాయి. అందుకే మేం నంబర్లతోనే రాస్తాం. నివేదిక పై శాఖకు పంపేశాం. ఏదైనా ఉంటే అక్కణ్ణుంచి జిల్లాకు వస్తుంది" అన్నాడు.

"ఎప్పుడొస్తాది సార్?"

"అది నా చేతిలో లేదు కదా."

"పోనీ మీ పేపరు ఒకటి ప్రింటు తీసి ఇయ్యండి. నంబర్లతోనే ఇయ్యండి."

పత్రికవాళ్లతో ఒప్పందం ఉందన్నాడు. అడిగి చెబుతానన్నాడు. గడియారం చూసుకున్నాడు. కాఫీ సగం వదిలేసి లేచి వచ్చేశాను. భయాలు, అపార్థాలు వస్తాయట! చెప్పకపోతే రావా? ఆయనకు ఏం తెలుసు, మా ఊళ్లో పాలు పోయించుకోవడం మానేసినవాళ్ల సంగతి? ఆ అపార్థం పుట్టించింది నా నోరేనని మాత్రం నాకప్పుడు గుర్తుకు రాలేదు.

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాను. పోస్టాఫీసులో పోస్టల్ ఆర్డరు తీసుకుని, తెలుగులో రాసి రిజిస్టరు పోస్టు చేశాను. నెల తిరిగాక కవరు వచ్చింది. చేతులు కడుక్కుని మరీ చింపాను. మీరు కోరిన సమాచారం ఇదివరకే ప్రచురితమై ప్రజలకు అందుబాటులో ఉంది కాబట్టి మళ్లీ ఇవ్వవలసిన అవసరం లేదు అని రాశారు. కింద వెబ్‌సైటు చిరునామా. అదే తాళంకప్ప. ఆ కాగితాన్ని ఉండ చుట్టి విసిరేశాను. మా ఆవిడ దాన్ని తీసి, సాపు చేసి, బియ్యం డబ్బా కింద పెట్టింది.

"ఇంగన్నా ఒక సీసా నీళ్లు పట్టియ్యి" అంది.

"నీకు తెలీదు, ఊరికే ఉండు" అని కసురుకున్నాను. ఆమెకు తెలుసు. నాకే తెలియలేదు.

మనవరాలికి కింది ముందు పన్ను కదలడం మొదలైంది. రోజుకు పదిసార్లు నాలుకతో తోసి చూపించేది. "తాతా, ఊగుతా ఉండాది సూడు" అని నవ్వేది. దాని వెనక రాబోయే పన్ను గుర్తొచ్చి నాకు నవ్వు వచ్చేది కాదు.

చివరికి ఆ పీహెచ్‌డీ అమ్మాయి దొరికింది. గుమాస్తా మంచివాడని చెప్పాను కదా, అతనే ఫోను చేసి, ఆమె రేణిగుంట దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోందని చెప్పాడు. వెళ్లాను. గేటు బయట టీ బంకు దగ్గర కూర్చున్నాం. నన్ను చూడగానే ఆమె ముఖం చిన్నబోయింది.

"మీకు ఎవరూ చెప్పలేదా అంకుల్?" అంది.

"ఎవురు సెప్తారు పాపా? మీరే సెప్పల్ల."

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. రెండో విడత నిధులు రాలేదని, అందుకే వానల తర్వాత రాలేకపోయామని చెప్పింది. పేపరు వెయ్యకముందు ఎవరికీ ఇవ్వకూడదన్నారట. వేశాక హక్కు పత్రికకు పోయింది కాబట్టి ఇవ్వకూడదన్నారట. "నేను రాసిందే నేను పంపకూడదంట అంకుల్" అంది. తర్వాత ఫోను తీసి, ఆ పేపరు మొత్తం నా వాట్సాప్‌కు పంపేసింది. "ఎవరైనా అడిగితే నేనే పంపానని చెప్పండి, పర్లేదు" అంది. ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది.

టేబులు తెరిచి చూశాను. ఇరవై రెండు నంబర్లు. ఒక్కో నంబరు ఎదురుగా అంకెలు. నాలుగింటి ఎదురుగా ఫ్లోరైడు హద్దు దాటింది. అన్నిటికంటే పెద్ద అంకె పదహారో నంబరుది.

"పదహారు ఎవరిది పాపా?"

"పేర్ల లిస్టు సార్ కంప్యూటర్లో ఉండిపోయింది అంకుల్. నా దగ్గర లేదు. అయినా దాంతో పనేముంది? గోడల మీద నంబర్లు వేశాం కదా. చెరగనివ్వనని మీరే పూచీ పడ్డారు."

ఇంతకాలం తాళం వేసినవాళ్లను తిట్టుకుంటూ తిరిగాను. తాళం తీసి చేతిలో పెట్టేసరికి, ఇవతలి గోడకు సున్నం కొట్టినవాణ్ణి నేనే. సున్నం సంగతి ఆమెకు చెప్పలేదు. దండం పెట్టి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే ఇనప బ్రష్షు, టెంకాయ పీచు, బకెట్టు నీళ్లు తీసుకుని బయలుదేరాను. ఎనామిల్ పెయింటు సున్నం కింద చెక్కు చెదరదు, అదొక్కటే నా అదృష్టం. బడికి సెలవు కాబట్టి మనవరాలు చెంబు పట్టుకుని వెంట వచ్చింది. నేరుగా తూర్పు పక్కకు, అన్న బోరు దగ్గరికి పోయాను. నా మాట నిజమని తేల్చుకోవాలని ఉంది. ఎందుకు దాచాలి, అదే కోరుకున్నాను.

మనవరాలు నీళ్లు పోస్తుంటే గోడ రుద్దాను. మొదటి పూత పోయింది, రెండో పూత పోయింది, ఎరుపు బయటపడింది. తొమ్మిది. ఫోనులో టేబులు చూశాను. తొమ్మిదో నంబరులో ఫ్లోరైడు హద్దుకు చాలా లోపల ఉంది. ఊరి మొత్తంలో మంచి నీళ్లలో అదొకటి. ఉప్పు ఉంది, అంతే. ఉప్పు వల్ల పిల్లల పళ్లు పాడవవు.

అన్న ఇంటి వైపు చూడలేక అక్కణ్ణుంచి కదిలాను. ఒక్కొక్క గోడే రుద్దుకుంటూ పోయాను. నాలుగు, పన్నెండు, ఇరవై, ఏడు. ప్రతి ఒక్కటీ జేబులోని కాగితం మీద ఇంటిపేరుతో రాసుకున్నాను. హద్దు దాటిన నాలుగింట్లో మూడు మధ్యాహ్నానికి బయటపడ్డాయి. మూడూ లోతైన బోర్లే. గోడలూ దిమ్మెలూ కలిపి ఇరవై ఒకటి అయిపోయాయి. పదహారు ఎక్కడా కనబడలేదు. మిగిలింది ఒక్క గోడ.

ఇంటి వెనక్కు నడిచాను. రుద్దక్కర్లేదు, లెక్క తెలిసిపోయింది. అయినా రుద్దాను. మనవరాలు చెంబుతో నీళ్లు పోసింది. బడిలో ఈమధ్యే అంకెలు నేర్చుకుంది.

"తాతా, ఒకటీ, ఆరు. పదహారు!" అని చప్పట్లు కొట్టింది.

ఆ గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఏడ్చాను. పుణ్యమని పన్నెండిళ్లకు పోసిన నీళ్లు. నా మాట విని ఇంకో ఎనిమిదిళ్లవాళ్లు మంచి నీళ్లు వదులుకుని వచ్చి పట్టుకుపోయిన నీళ్లు. ఐదేళ్లుగా ఈ పిల్ల నోట్లో పోసిన నీళ్లు. నా నాలుకకు ఎంతో తీయగా ఉండేవి. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి గోడ చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయి నీళ్ల కుండ తెచ్చి పెరట్లో కుమ్మరించింది.

లేచి స్టార్టరు పెట్టె తెరిచి ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాను. బతుకంతా మోటార్లు తిరగడం కోసమే పాటుపడినవాణ్ణి. తర్వాత షెడ్డులో నుంచి ఎర్ర పెయింటు డబ్బా తెచ్చి, వీధి కుళాయి తొట్టి మీద పెద్ద అక్షరాలతో రాశాను. పదహారో నంబరు. ఫ్లోరైడు ఎక్కువ. తాగకూడదు. దాని కింద టేబులులోని అంకె కూడా వేశాను, ఉండాల్సిన హద్దు కూడా వేశాను. పిల్లలు చదివి లెక్క వేసుకోవచ్చు.

డబ్బా, కుంచె పట్టుకుని అన్న ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతికంతా అంటిన సున్నం, ఎరుపు చూశాడు.

"అన్నా, నీ బోరు మంచిది. సెడ్డది నాది. నేను తెలీకుండానే నీ మీద సెప్పినాను. తప్పు నాది" అన్నాను.



"నా బోరు సంగతి యాడ సెప్పినావు?" అన్నాడు అన్న.

"వీధిలో, కుళాయి కాడ."

"అయితే ఇదీ ఆడనే సెప్పు."

చెప్పాను. ఇరవై ఇళ్లవాళ్లనూ పిలిచి, కుళాయి దగ్గర నిలబడి, ఫోనులో టేబులు చూపించి, ఏ బోరు ఏ నంబరో, ఏది తాగొచ్చో, ఏది తాగకూడదో చదివాను. కొందరు తిట్టారు. ఒకావిడ తన కొడుకు పళ్లు చూపించి, "ఇన్నాళ్లు యేం చేస్తా ఉంటివి?" అని నిలదీసింది. విశ్వవిద్యాలయాన్ని తిట్టడం మొదలుపెట్టబోయి ఆగిపోయాను. వాళ్ల తప్పు వాళ్లకు ఉంది, ఇంకో అర్జీలో రాస్తాను. ఆమె అడిగింది నన్ను. అన్ని గోడల మీదా నంబరు పక్కనే ఫలితం రాయడం పూర్తయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఇక ఆయుధపూజకు ఆ గోడల మీద సున్నం కుంచె తగలనివ్వను.

కుళాయి దగ్గర అందరికీ చెప్పిన రోజు సాయంత్రం మా ఆవిడ, నేను, మనవరాలు బిందెలు తీసుకుని అన్న బోరు దగ్గరికి పోయాం. అన్న మోటారు వేశాడు. మొదటి చెంబు పట్టి, నాకు ఇవ్వకుండా మనవరాలికి ఇచ్చాడు. అది ఒక గుటక మింగి ముఖం చిట్లించింది.

"ఉప్పగా ఉండాయి తాతా."

"అయ్యే మంచి నీళ్లమ్మా. తాగు" అన్నాను.

ఆ పాలపన్ను మొన్న ఊడింది. పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరాం. అసలు పన్ను ఇంకా పైకి రాలేదు. రోజూ పొద్దున్నే దాని నోరు తెరిపించి, టార్చి వేసి చూస్తున్నాను.